వజ్రబాహుడు కత్తి ఎందుకు తియ్యలేదు

ఈ వేసవి సెలవులకి మా అక్క కొడుకు మా ఊరొచ్చాడు. తొమ్మిదేళ్ళు వాడికి. మాది రాజోలు దగ్గర చిన్న ఊరు, ఇంటి వెనక కొబ్బరితోట, ముందు పంటకాలువ, రాత్రి గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు కరెంటు పోతుంది. అలా కరెంటు పోయి, వాడి చేతిలో ఫోను చార్జింగ్ కూడా అయిపోయిన మొదటి రాత్రి డాబా మీద చాప పరిచి కథ మొదలుపెట్టాను. ఒక్క రాత్రితో తేలిపోతుందనుకున్నా. పన్నెండు రాత్రులు గడిచాయి, మాంత్రికుడు ఇంకా బతికే ఉన్నాడు. గొడవంతా అదే.

కథలో గొప్పేం లేదు. మాంత్రికుడు గోదావరి మధ్యలో ఎవరికీ కనపడని ఒక లంకలో ఉంటాడు. వరదొస్తే మన లంకలన్నీ మునుగుతాయి కదా, ఆ లంక మాత్రం మునగదు, నీళ్ళతో పాటు పైకి లేస్తుంది (ఈ ఒక్క ముక్క నాకు భలే నచ్చింది, అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నా). వాడు రాజుగారి మనవరాలిని ఎత్తుకుపోయాడు. ఆ పిల్లని తీసుకురావడానికి బయల్దేరినవాడు వజ్రబాహుడు. పేరు మావాడే పెట్టాడు. వయసు మాత్రం నేను పెట్టాను, యాభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం, చెయ్యాల్సిన యుద్ధాలన్నీ చేసేసి ఊళ్ళో నిమ్మళంగా ఉంటున్నవాడు. తొమ్మిదో రాత్రి వాడు మాంత్రికుడికి దొరికిపోయాడు. పదో రాత్రి మాంత్రికుడు స్వయంగా వచ్చి కట్లు విప్పి, కత్తి తెచ్చి చేతిలో పెట్టి, "రా, తేల్చుకుందాం" అన్నాడు.

వజ్రబాహుడు కత్తి పక్కన పెట్టి, "కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తావా" అన్నాడు.

మావాడు చాప మీంచి లేచి కూర్చున్నాడు. "అదేంటి మావయ్యా, కొట్టడా?"

"కొట్టడు."

"ఎందుకూ, భయమా?"

కాదన్నాను. మరెందుకు అన్నాడు. రేపు చెప్తా పడుకో అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు, నోటికి ఆ మాట అలా వచ్చేసింది. కానీ వచ్చాక అదే సరైంది అనిపించింది. ఎందుకనిపించిందో రెండ్రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు గుర్తొచ్చింది హనుమంతుడే, ఇంకెవరు గుర్తొస్తారు. మనందరం చిన్నప్పటి నుంచి వింటున్న కథే అయినా బ్రహ్మాస్త్రం దగ్గర ఏం జరిగిందో చాలామంది సరిగ్గా పట్టించుకోరు. అశోకవనం పీకి పందిరేశాక, జంబుమాలి, మంత్రి కొడుకులు ఏడుగురు, సేనాపతులు ఐదుగురు, అక్షకుమారుడు, అందరూ అయిపోయాక ఇంద్రజిత్తు వచ్చి బ్రహ్మాస్త్రం వేశాడు. హనుమంతుడు పడ్డాడు. పడ్డాక భయపడలేదు, లెక్క వేసుకున్నాడు. బ్రహ్మగారి మాటని గౌరవించాలి సరే, దాంతో పాటు వీళ్ళకి దొరికితే నాకు పెద్ద లాభమే ఉంది, రావణుడితో మాట్లాడొచ్చు, పట్టుకోనీ అనుకున్నాడు. వాల్మీకి రామాయణంలో అంత స్పష్టంగానూ ఉంటుంది ఆ ఆలోచన.

అసలు తమాషా ఆ తర్వాతది. రాక్షసులు ఉత్సాహం కొద్దీ నారతాళ్ళు తెచ్చి ఆయన్ని కట్టేశారు. ఇంకో కట్టు పడగానే బ్రహ్మాస్త్రం దానంతటది విడిపోతుంది, దాని పద్ధతి అది. ఇంద్రజిత్తుకి ఆ సంగతి తెలిసి, అయ్యో పని చెడిందే అని లోపల కంగారు పడుతున్నాడు. ఇప్పుడు హనుమంతుడి ఒంటి మీదున్నవి ఉత్త తాళ్ళు, ఒక్క విదిలింపుకి తెగేవి. తెంచలేదు. విడిపోయినట్టు కనపడనివ్వలేదు కూడా. వాళ్ళు గుద్దులు గుద్దుతూ, కర్రలతో కొడుతూ ఈడ్చుకుపోతుంటే ఊరుకున్నాడు. అదే మన సినిమా అయితే ఇంటర్వెల్ అక్కడే పడాలి, సంకెళ్ళు ముక్కలు ముక్కలై స్లోమోషన్‌లో గాల్లోకి ఎగరాలి.

ఊరుకున్నందుకు ఏం దక్కిందో చూడండి. నిండు సభలో రావణుడిని దగ్గర్నుంచి చూశాడు. చూసి, ఏమి రూపం, ఏమి ధైర్యం అని ఆశ్చర్యపోయాడు కూడా, వీడికి అధర్మం లేకపోతే దేవలోకాన్నే కాపాడగలిగేవాడు అనుకున్నాడు. పోరాడుతూ ఉండుంటే అంత తీరిగ్గా శత్రువు మొహం చూడగలిగేవాడా? తర్వాత తోకకి నిప్పంటించి ఊరంతా తిప్పుతామంటే దానికీ ఒప్పుకున్నాడు, రాత్రి చీకట్లో లంక కోట కట్టుదిట్టాలు సరిగ్గా చూడలేదు, పగటి వెలుగులో ఇంకోసారి చూడొచ్చు అని. వాళ్ళు అవమానం చేస్తున్నామనుకుని ఊరేగిస్తున్నారు, ఈయన సందులూ కూడళ్ళూ గుర్తుపెట్టుకుంటున్నాడు. పనంతా అయ్యాక ఒళ్ళు చిన్నది చేసుకుని కట్లలోంచి జారి, గుమ్మం దగ్గర ఇనప గడియ అందుకుని కాపలావాళ్ళని చావబాదాడు. అంటే యుద్ధం మానలేదు, వాయిదా వేశాడు అంతే.

పదకొండో రాత్రి ఇదంతా మావాడికి చెప్పాను. వాడు విన్నాడు గానీ తగ్గలేదు. "హనుమంతుడికి ఎప్పుడు కావాలంటే అప్పుడు తెంచుకునే బలం ఉంది కాబట్టి చెల్లింది. వజ్రబాహుడికి ఉందా?"

మంచి ప్రశ్నే. తొమ్మిదేళ్ళ వాడికి రావాల్సిన ప్రశ్న కాదు.

బలం లేనివాళ్ళ కథ మనకి ఇంకోటుంది. జాతరల్లో బుర్రకథ వాళ్ళు తెల్లవార్లూ చెప్పే బాలనాగమ్మ కథ. ఆవిడ చేతిలో కత్తీ లేదు, ఒంట్లో మాయా లేదు. మాయల ఫకీరు మంత్రంతో ఎత్తుకుపోయాడు. ఆవిడ చేసిందల్లా వ్రతం ఉంది, అది తీరేదాకా నా జోలికి రావద్దు అని గడువు పెట్టడం. ఏళ్ళ తరబడి గడువు. ఇంటి దగ్గర ఉయ్యాల్లో వదిలొచ్చిన కొడుకు పెరిగి పెద్దవాడై వెతుక్కుంటూ వచ్చేదాకా. వాడొచ్చాక కూడా కత్తియుద్ధంతో తేలలేదు, ఫకీరు ప్రాణం ఎక్కడో సముద్రాల అవతల చిలకలో ఉందన్న రహస్యం తెలిస్తేనే తేలింది. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, ప్రాణం చిలకలో పెట్టుకున్న వాడి మీద ఎంత గొప్ప కత్తి దూసినా గాలిని నరికినట్టే. పైగా వాడికి సరదా. పొడిచినకొద్దీ నవ్వుతాడు. ముందు చిలక ఎక్కడుందో తెలియాలి, తెలియాలంటే వాడు మాట్లాడాలి, వాడు మాట్లాడాలంటే ఎదుటివాళ్ళు పళ్ళు నూరడం ఆపాలి.

ఇక్కడ వాలి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎదురుగా నిలబడి తలపడినవాడి బలంలో సగం వాలికి వెళ్ళిపోతుందని మన ఇళ్ళల్లో చెప్పుకుంటారు కదా. చిన్నప్పుడు అదేదో వింత వరంలా అనిపించేది. ఇప్పుడు చుట్టూ చూస్తే అలాంటివాళ్ళు వీధికొకడు ఉన్నాడు. ఎదుటివాడికి కోపం తెప్పిస్తే గానీ పొద్దు గడవనివాళ్ళు, మనం అరిచేకొద్దీ చల్లబడి కాలు మీద కాలేసుకునేవాళ్ళు. ఎనిమిదేళ్ళ కింద నేను పనిచేసిన చోట అలాంటి పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. రోజూ సాయంత్రం నన్ను పిలిచి ఏదో ఒకటి అనేవాడు, నేను రోజూ ఎదురు చెప్పేవాణ్ణి, బాగా గట్టిగా చెప్పాననుకుని ఇంటికొచ్చేవాణ్ణి. ఏడాది పోయాక తెలిసింది, ఆయన నా మాటలన్నీ తేదీలతో సహా రాసి పెట్టుకున్నాడు. కత్తి చేతికిచ్చి రమ్మనడం అంటే అదే. అది ఎక్కువసేపు గుర్తుచేసుకోవాలని లేదు, వదిలేద్దాం.

మాంత్రికుడు కట్లు విప్పి కత్తి ఎందుకిచ్చాడు? కథ చెప్పేవాణ్ణి నేనే అయినా నాకు ఆ ప్రశ్న ఆలస్యంగా తట్టింది. చంపాలనుకుంటే కట్లలో ఉండగానే చంపొచ్చు కదా. ఇచ్చాడంటే వాడికి యుద్ధం కావాలి. ఆ లంక వాడిది, ఆ నీళ్ళు వాడివి, అడుగు ఎక్కడ వేస్తే ఎక్కడ కూరుకుంటుందో వాడికే తెలుసు. గజేంద్రుడు వెయ్యేళ్ళు పెనుగులాడినా మొసలి నీళ్ళలో ఉన్నంతకాలం దానిదే పైచేయి, ఏనుగు నానాటికీ చిక్కిపోయింది, మొసలి నానాటికీ బలిసింది. వేమన అన్నదీ అదే, స్థానబలిమి గాని తన బలిమి కాదయా అని.

ఈ మాట చెప్తే మావాడు గోదావరి పిల్లాడిలాగే సమాధానం చెప్పాడు. "మరి పులస ఎదురీదుతుంది కదా మావయ్యా!"

"ఎదురీదుతుంది. అందుకే వలలో పడి, మనింటికొచ్చి, బెండకాయ ముక్కలతో పాటు మట్టిదాకలో ఉడుకుతుంది."

వాడు పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను గానీ పడుకున్నాక ఆలోచిస్తే నేను చెప్పింది పూర్తి నిజం కాదు. వరద ఎర్రనీరు రాగానే సముద్రం వదిలి నదిలోకి ఎదురొచ్చేది గుడ్లు పెట్టడానికి, నీళ్ళతో దానికి తగువేం లేదు. దానికి పైన పనుంది. ఆ పని కోసం ఎదురీదుతుంది. వజ్రబాహుడికీ పనుంది, ఆ పిల్లని ఇంటికి చేర్చడం. మాంత్రికుడి మీద గెలవడం వాడి పని కాదు. గెలిచి, పిల్ల ఎక్కడుందో తెలియకుండానే మాంత్రికుడు చచ్చిపోతే? అప్పుడు ఆ లంకని కిందకి దించేది ఎవరు?

మొన్న శనివారం నర్సాపురంలో పనుండి సఖినేటిపల్లి రేవులో వశిష్ఠ గోదావరి దాటించే పంటు ఎక్కాం. మావాడు చుక్కాని పట్టుకున్నాయన పక్కనే నిలబడి, అవతల రేవు అదిగో అక్కడ కనపడుతుంటే మీరు ఇటు పోతున్నారేంటండీ అని అడిగాడు. ఆయన నవ్వి, "ఆయ్, నేరుగా ముక్కు పెడితే వశిష్ఠ మనల్ని అంతర్వేది తీసుకుపోద్ది బాబూ, దాని వాటం దానికిచ్చి మన రేవు మనం చూసుకోవాల" అన్నాడు. నేను పదకొండు రాత్రులు తిప్పితిప్పి చెప్పినదాన్ని ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు, నాకు కాస్త అసూయగానే అనిపించింది.

అంతర్వేది పేరు వచ్చాక ఆదివారం అక్కడికీ వెళ్ళాం. గుడిలో నరసింహస్వామిని చూసి బయటికొచ్చి, నది సముద్రంలో కలిసే చోట ఇసకలో కూర్చున్నప్పుడు ప్రహ్లాదుడి మాట వచ్చింది. ఏనుగులతో తొక్కించారు, పాములతో కరిపించారు, కొండ మీంచి తోయించారు, ఆ పిల్లాడు ఒక్కసారీ చెయ్యెత్తలేదు. హిరణ్యకశిపుడు ఎదురుగా కత్తి పట్టుకుని అరుస్తుంటే తండ్రీ అంటూనే జవాబు చెప్పాడు. చివరికి స్వామి వరం కోరుకోమంటే అడిగినవాటిలో ఒకటి, మా నాన్న పాపం పోగొట్టమని. మావాడికి ఇది అస్సలు మింగుడుపడలేదు. నాకూ పూర్తిగా పడదు. కానీ బంధించినవాడు మన మనిషే అయితే యుద్ధం వేరే రకంగా ఉంటుంది, అది మాత్రం నిజం. వజ్రబాహుడికీ మాంత్రికుడికీ మధ్య పాత చుట్టరికం ఏమన్నా పెడదామా అని ఒక ఆలోచన వచ్చింది. ఇంకా తేల్చుకోలేదు.

అసలు ఈ కథలో వజ్రబాహుడి మొహం మా తాతయ్యది. ఆ సంగతి నాకు పన్నెండో రాత్రి తెలిసింది.

1986 వరదకి ముందు దాళ్వాలో, అంటే రెండో పంటకి, జరిగిన సంగతి ఇది, అప్పటికి నేను పుట్టలేదు, ఇంట్లో వందసార్లు విన్నాను. చేను పొట్టమీదుంది, గోదావరిలో నీళ్ళు లేవు, కాలవకి వంతులు పెట్టారు. మా వంతు రోజున కూడా మా బోదెలోకి, అంటే చేలోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలవలోకి, చుక్క రావట్లేదు. పైన ఒక పెద్ద ఆసామి ఉండేవాడు, పేరు అనవసరం, వాళ్ళ మనుషులు రాత్రిపూట అడ్డు వేస్తున్నారని అందరికీ అనుమానం. తాతయ్య ఒక రాత్రి కర్ర పట్టుకుని ఒక్కడే వెళ్ళాడు. కర్ర అంటే ఉత్త కర్ర కాదు, ఆయనకి కర్రసాము వచ్చు, అమలాపురంలో దసరాకి వీధుల్లో చేసే సాము, చెడీ తాలింఖానా, చూసినవాళ్ళకి తెలుస్తుంది అదెలా ఉంటుందో. నలుగురు చుట్టుముట్టారు. కొట్టుకుందాం రమ్మన్నారు. ఆయన కర్ర గట్టు మీద పడేశాడు. వాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళి మకాంలో కూర్చోబెట్టి, తెల్లారాక దొరగారు వచ్చి తేలుస్తారు అన్నారు.

తెల్లవార్లూ అక్కడే కూర్చున్నాడు. చుట్ట అడిగి తీసుకుని కాల్చాడట. కాపలా ఉన్న కుర్రాడిది ఏ ఊరు, పెళ్ళయిందా, వాళ్ళ గేదె ఈనిందా, అన్నీ అడిగాడట. ఆ మధ్యలో నీళ్ళ చప్పుడు విన్నాడు. చప్పుడు బోదె వైపు నుంచి రావాలి, కానీ తోట వైపు నుంచి వస్తోంది. అడ్డు వెయ్యడం పైకి కనపడేది. అసలు దొంగతనం గట్టు కింద నుంచి తోటలోకి వేసిన తూర, నీళ్ళు పోయే గొట్టం. రాత్రి తెరిచి తెల్లారేలోపు మూసేస్తున్నారు, అందుకే పగలు ఎవరు వెళ్ళి చూసినా ఏమీ కనపడట్లేదు. పొద్దున్నే ఆసామి వచ్చి నాలుగు మాటలని వదిలేశాడు. తాతయ్య ఇంటికొచ్చి స్నానం చేసి, కాలవ నీళ్ళు చూసే లస్కరుకి కబురు పెట్టి, ఊళ్ళో పెద్దల్ని నలుగురిని వెంటబెట్టుకుని ఆ రాత్రే నేరుగా ఆ తూర దగ్గరికే తీసుకెళ్ళి చూపించాడు. ఆ దాళ్వా పంట దక్కింది.

ఈ కథ మేం ఎప్పుడు చెప్పుకున్నా తాతయ్య ఎంత తెలివైనవాడో అనే చెప్పుకుంటాం. పన్నెండో రాత్రి మావాడికీ అలాగే చెప్పాను, చెప్పి, చూశావా, భయపడ్డవాడు కళ్ళు మూసుకుంటాడు, మీ ముత్తాత చెవులు కూడా తెరుచుకుని కూర్చున్నాడు అన్నాను. వాక్యం బాగానే కుదిరిందని లోపల సంతోషించాను.

అమ్మమ్మ ఆ రోజు ఉక్క భరించలేక డాబా మీదకే వచ్చి పడుకుంది. ఎనభై దాటింది, నిద్రపోయిందనుకున్నాం.

"భయపడ్డాడు" అంది చీకట్లోంచి.

మేమిద్దరం అటు తిరిగాం.

"నలుగురున్నార్రా వాళ్ళు. భయపడడా మరి. నాతో చెప్పాడు. కాళ్ళు వణుకుతుంటే కనపడకుండా గొంతుక్కూచున్నాను అన్నాడు. చుట్ట అడిగింది కూడా చేతులకి ఏదో ఒక పని ఉండాలని." కాసేపు ఆగింది. "మీరు బాగా చెప్తారు, పన్లోకి వెళ్ళినట్టు వెళ్ళొచ్చాడని. ఆ రాత్రి అన్నం మూతపెట్టి గుమ్మంలో కూచున్నాను నేను. మీ అమ్మకి జ్వరం. కోడి కూసింది, ఎవరూ రాలేదు. చంపేసి కాలవలో పడేశారేమో అనుకున్నా. ఆ నీళ్ళ చప్పుడేదో నాకు వినపడలేదు."

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తోటలో ఎక్కడో మట్ట పడిన చప్పుడైంది.

నేను భయానికీ తెలివికీ మధ్య గోడ కట్టి రెండ్రోజుల నుంచి కూర్చున్నాను. తాతయ్య ఆ గోడకి రెండు వైపులా ఉన్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి, చెవులు పనిచేస్తున్నాయి. కర్ర పడేసింది భయంతోనా ఆలోచనతోనా అంటే బహుశా ఆయనకీ తెలిసుండదు, కర్ర పడేశాక మాత్రం ఊరికే కూర్చోలేదు. వజ్రబాహుడిని నేను మరీ రాయిలా చేసేశానేమో. మంచినీళ్ళు అడిగింది నిజంగానే గొంతెండిపోయి అడిగాడని పెడితే తప్పేంటి?

ఇది అనుకుంటుండగా మావాడు నా చొక్కా లాగాడు.

"మావయ్యా, వజ్రబాహుడికి ఇంట్లో ఎవరున్నారు?"

పన్నెండు రాత్రులు కథ చెప్పాను. ఏడు తలుపుల కోట కట్టాను, నీళ్ళతో లేచే లంక కట్టాను, మాంత్రికుడి మీసాల రంగు కూడా చెప్పాను. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

"ఉన్నార్లే. రేపు చెప్తా" అన్నాను.

"భార్య ఉందా?"

"ఉంది."

"అన్నం మూతపెట్టి కూచుందా?"

అమ్మమ్మ చీకట్లో చిన్నగా నవ్వినట్టు వినపడింది. కరెంటు వచ్చింది, కింద ఇంట్లో ఫ్యాను తిరగడం మొదలైంది, ముగ్గురిలో ఎవరం లేవలేదు.